యానిమల్ హౌస్ తలుపులు మాకూ తెరవండి

విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు, యానిమల్ హౌస్‌లు నడిపే అధికారులకు, జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీల సభ్యులకు నమస్కారం.

మీ క్యాంపస్‌లో లైబ్రరీ చూడొచ్చు, మ్యూజియం చూడొచ్చు, ఓపెన్ డే నాడు కెమిస్ట్రీ ల్యాబ్‌లో రంగులు మారే ద్రావణాలూ చూడొచ్చు. జంతువుల మీద పరిశోధన జరిగే భవనాన్ని మాత్రం బయటివాళ్లు చూడలేరు. చాలాచోట్ల దానికి బోర్డు కూడా ఉండదు. ఈ ఉత్తరం ఆ భవనం గురించే. నేను అడిగేది ఒక్కటే. ముందుగా ప్రకటించిన రోజుల్లో, మీరు పెట్టే నియమాలకు లోబడి, మామూలు జనం లోపలికి వచ్చి ఆ జంతువులను, అవి ఉండే గదులను, వాటితో జరిగే పనిని కళ్లారా చూసే వీలు కల్పించండి.

నేను శాస్త్రవేత్తను కాదు. జంతు హక్కుల సంఘాల్లోనూ లేను. మా ఇంట్లో ఒకరు రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కల మీద చేసిన ప్రయోగాలతోనే ఆ మందుకు దారి పడింది. 1922 జనవరిలో దాన్ని 14 ఏళ్ల కుర్రాడికి ఇచ్చారు. చావు అంచున ఉన్న ఆ పిల్లాడు బతికాడు. ఆ ప్రయోగాల్లో కుక్కలు చనిపోయాయి. ఈ రెండూ నిజాలే, ఒకటి చెప్పి ఇంకొకటి దాచలేం. అందుకే జంతు ప్రయోగాలు రేపే ఆపేయమని అనడానికి నాకు నోరు రాదు. లోపల ఏం జరిగితే మాకెందుకులే అని ఊరుకోవడానికీ మనసొప్పదు. ఆ పని మా ఆరోగ్యం కోసం, చాలావరకు మేం కట్టే పన్నుల డబ్బుతో జరుగుతోంది. దాన్ని చూడాల్సిన బాధ్యత మాకుంది, చూపించాల్సిన బాధ్యత మీకుంది.

ఇప్పుడు మా కంటపడేవి రెండే రకాల ఫొటోలు. ఒకటి ఎవరో దొంగచాటుగా తీసి బయటపెట్టింది. మసక వెలుతురు, ఇనుప ఊచలు, తలకు కట్టుతో కోతి. ఇంకొకటి మీ బ్రోషర్‌లోది. గ్లవ్ వేసుకున్న అరచేతిలో తెల్లని చిట్టెలుక, వెనక నవ్వుతున్న పరిశోధకురాలు. మొదటిది చూసినవాళ్లు ఇక జన్మలో మిమ్మల్ని నమ్మరు. రెండోది చూసినవాళ్లకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. పొద్దున్నే నీళ్ల సీసాలు మార్చడం, కేజ్‌లో పరిచే పొట్టు మార్చడం, బరువు చూడటం, ఆపరేషన్ అయ్యాక నొప్పి తగ్గే మందు ఇవ్వడం, ప్రయోగం ముగిశాక చంపడం, ఇదంతా రోజూ జరిగే పని. అదే మా దాకా రావడం లేదు.

చూసే కళ్లు తక్కువైతే ఏమవుతుందో లండన్ చరిత్ర చెబుతుంది. 1903 ఫిబ్రవరిలో యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్ అనే ఫిజియాలజీ శాస్త్రవేత్త వైద్య విద్యార్థుల ముందు ఒక గోధుమరంగు కుక్క మీద ప్రయోగం చేసి చూపించారు. ఆ గదిలో లిజ్జీ లిండ్ అఫ్ హాగెబి, లీసా షార్టావ్ అనే ఇద్దరు స్వీడన్ యువతులు కూడా ఉన్నారు. కుక్కకు మత్తు సరిగా ఎక్కలేదని, అది బాధతో కదిలిందని వాళ్లు రాశారు. మత్తు పూర్తిగా ఇచ్చామని బేలిస్ చెప్పారు. యువతుల మాట పట్టుకుని బహిరంగ సభలో ఆరోపణ చేసిన స్టీఫెన్ కోల్‌రిడ్జ్ అనే జంతు ప్రయోగాల వ్యతిరేక సంఘం నాయకుడి మీద బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచారు, 2000 పౌండ్ల పరిహారం వచ్చింది. అయినా గొడవ చల్లారలేదు. 1906లో లండన్‌లోని బాటర్‌సీ ప్రాంతంలో ఆ కుక్కకు విగ్రహం పెట్టారు. దాన్ని పగలగొట్టడానికి వైద్య విద్యార్థులు వచ్చారు, వీధుల్లో కొట్లాటలయ్యాయి, ఒక విగ్రహానికి పోలీసులు కాపలా కాయాల్సి వచ్చింది. చివరికి 1910లో దాన్ని తీసేశారు. 1985లో అదే కుక్క కోసం మళ్లీ కొత్త విగ్రహం లేచింది. ఒక గదిలో ఒక పూట జరిగిన ప్రయోగం మీద 80 ఏళ్ల తర్వాత కూడా జనం రెండుగా చీలిపోయే ఉన్నారు. ఆ పూట అక్కడ ఉన్నవాళ్లలో అటూ ఇటూ కాని వాళ్లు, ఏ పక్షమూ లేకుండా చూసి చెప్పగలిగే వాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆ కథ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

అమెరికాలో 1981లో జరిగింది ఇంకోలాంటిది. మేరీలాండ్ రాష్ట్రం సిల్వర్ స్ప్రింగ్‌లోని ఒక పరిశోధన సంస్థలో అలెక్స్ పచేకో అనే జంతు హక్కుల కార్యకర్త వాలంటీరుగా చేరారు. 17 కోతులు ఎంత దారుణమైన స్థితిలో ఉన్నాయో రాత్రిపూట ఫొటోలు తీసి పోలీసుల దృష్టికి తెచ్చారు. 1985లో అక్కడి జంతు సంక్షేమ చట్టాన్ని సవరించడానికి ఆ వ్యవహారం ఒక ముఖ్య కారణం. ప్రయోగాలు చేసే సంస్థలో కమిటీ ఉండాలని, అందులో ఆ సంస్థతో సంబంధం లేని సభ్యులు ఒక్కరైనా ఉండాలని, ఆరు నెలలకోసారి తనిఖీ చేయాలని ఆ సవరణతోనే వచ్చింది. ఈ రోజు మీరు మంచి నియమాలని చెప్పుకునేవాటిలో కొన్ని, ఎవరో దొడ్డిదారిన లోపలికి వెళ్లడం వల్ల వచ్చినవే. ముందు తలుపు తెరిచి ఉంటే ఆ కోతుల సంగతి అంత ఆలస్యంగా తెలిసేది కాదు.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. అవి వట్టి సాకులని నేననను. ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.

మొదటిది ఇన్ఫెక్షన్. చాలా యానిమల్ హౌస్‌లలో చిట్టెలుకలను ఫలానా రోగక్రిములు సోకకుండా పెంచుతారు. గాలి ఫిల్టర్ అయ్యి వస్తుంది, పొట్టు, మేత వేడితో శుద్ధి చేసి లోపలికి పంపుతారు, సిబ్బంది బట్టలు మార్చుకుని వెళ్తారు. బయటి నుంచి ఒక వైరస్ వచ్చిందంటే ఆ గది మొత్తం ఖాళీ చేయాల్సి రావచ్చు, అంటే వందల ప్రాణాలు వృథాగా పోతాయి. ఇది నూటికి నూరుపాళ్లు నిజమైన భయం. కానీ చూడటానికి కేజ్ దగ్గరి దాకా రానక్కర్లేదు. నడవాలోంచి గది కనిపించేలా గాజు కిటికీ పెట్టొచ్చు. ఎలుకలకు ఎర్రని వెలుతురు సరిగా కనిపించదు కాబట్టి ఆ గాజుకు ఎర్ర ఫిల్మ్ అతికిస్తే మేం వాటిని చూస్తాం, మా వెలుతురు వాటిని ఇబ్బంది పెట్టదు. ఇంట్లో ఎలుకలనో హామ్‌స్టర్లనో పెంచుకునే వాళ్లను, ఈమధ్యే వేరే యానిమల్ హౌస్‌కు వెళ్లొచ్చిన వాళ్లను రావద్దనండి, ఒప్పుకుంటాం. అన్ని గదులకూ ఇంత కట్టుదిట్టం ఉండదు కూడా. జీబ్రా చేపల తొట్టెలు, గొర్రెలు, పందులు ఉండే చోట్లు గౌన్, మాస్క్, బూట్ల కవర్లతో చూడదగ్గవే. ఏ గది చూపించొచ్చో, ఏది కుదరదో మీ వెటర్నరీ డాక్టర్ కారణంతో సహా చెప్తే చాలు.

రెండోది జంతువులకు కలిగే ఒత్తిడి. దీన్ని నేను మిగతావాటికంటే గట్టిగా పట్టించుకుంటాను. 2014లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయ బృందం ఒక సంగతి తేల్చింది. మగ పరిశోధకులు గదిలో ఉంటే, చివరికి మగవాళ్లు తొడిగి విప్పిన టీ షర్టు పక్కన పెట్టినా, ఎలుకలూ చిట్టెలుకలూ ఒత్తిడికి లోనవుతాయి, నొప్పికి అవి స్పందించే తీరు మారిపోతుంది. మనిషి వాసనకే ఇంత జరిగితే, ఒకేసారి పాతికమంది గుంపుగా వస్తే ఏమవుతుంది? అందుకే అడిగినవాళ్లందరినీ రమ్మనమని నేననడం లేదు. చిన్న బృందాలు చాలు, అదీ అద్దం అవతలి నుంచి, ప్రయోగం నడుస్తున్న గదులను వదిలేసి. ఎలుకలు రాత్రి తిరిగే ప్రాణులు, పగలు వస్తే ముద్దగా పడుకుని కనిపిస్తాయి. కొన్నిచోట్ల పగలూ రాత్రీ తారుమారు చేసి, పని వేళల్లో ఎర్రని వెలుతురులో వాటిని చూసే ఏర్పాటు ఉంటుంది. అలాంటి గది ఉంటే దాన్నే చూపించండి. మా రాక వల్ల జంతువులకు హాని జరుగుతోందని మీ డాక్టర్ గమనిస్తే ఆ రోజుకు ఆపేయండి, ఎవరూ తప్పుపట్టరు.

మూడోది భద్రత. ఆక్స్‌ఫర్డ్‌లో కొత్త పరిశోధన భవనం కడుతుంటే 2004లో బెదిరింపులకు తట్టుకోలేక కాంట్రాక్టర్ తప్పుకున్నాడు, ఆ భవనం 2008 దాకా తెరుచుకోలేదు. అదే 2004లో ఇంగ్లండ్‌లో ప్రయోగాల కోసం గినీపందులను పెంచే కుటుంబానికి చెందిన పెద్దావిడ అవశేషాలను సమాధి తవ్వి ఎత్తుకుపోయారు. ఇంతటి క్రూరత్వాన్ని జంతువుల మీద ప్రేమ అని ఎవరూ సమర్థించలేరు. మీ సిబ్బందికి భయం ఉండటం సహజం. ఫోన్లు బయట పెట్టించండి, పేర్లు ముందే తీసుకోండి, గుర్తింపు కార్డులు చూడండి, సిబ్బంది పేర్లు మాకు చెప్పకండి. ఆ తర్వాత బ్రిటన్‌లో ఏం జరిగిందో కూడా చూడండి. 2014లో అక్కడి సంస్థలు జంతు పరిశోధనలో పారదర్శకత కోసం ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఎప్పుడు, ఎలా, ఎందుకు జంతువులను వాడుతున్నామో స్పష్టంగా చెప్తాం, ప్రజలు తెలుసుకునే అవకాశాలు మేమే ముందుకొచ్చి కల్పిస్తాం అన్నవి అందులోని మాటలు. ఇప్పుడు అందులో వందకు పైగా సంస్థలున్నాయి. నాలుగేళ్లు బెదిరింపుల మధ్య భవనం కట్టుకున్న ఆక్స్‌ఫర్డే ఇప్పుడు ఎన్ని జంతువులను వాడిందో ఏటా ప్రకటిస్తోంది. బెదిరింపులు చూసినవాళ్లే తలుపులు కొంత తెరిచారు. అవేవీ ఎదురుకాని చోట భద్రత పేరు చెప్పి పూర్తిగా మూసేయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

ఇక ఏం చూపించాలన్నది. అసలు సంగతి ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఒకసారి నేను ఒక విశ్వవిద్యాలయం ఓపెన్ డేకి వెళ్లాను, పేరు అనవసరం. యానిమల్ హౌస్ కూడా కార్యక్రమంలో ఉందని చదివి ఆశగా వెళ్లాను. ఒక హాల్లో మెరిసిపోయే కొత్త కేజ్‌ల ర్యాక్ పెట్టారు. కేజ్‌లన్నీ ఖాళీ. గోడల మీద క్యాన్సర్ చికిత్స గురించి పోస్టర్లు. జంతువులెక్కడ అని అడిగితే పక్క బిల్డింగ్‌లో ఉన్నాయి, అటు వెళ్లడానికి లేదు అన్నారు. ఎన్ని ఉన్నాయని అడిగితే ఆ వివరాలు తమ దగ్గర లేవన్నారు. అక్కడ నిలబడ్డ అటెండెంట్ ఒకాయన్ని కదిలిస్తే మాత్రం పది నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. ఏ చిట్టెలుకకు ఒంట్లో బాగాలేదో దాని గూడు చూస్తే తెలిసిపోతుందన్నాడు. ఆరోగ్యంగా ఉన్నది కాగితం ముక్కలు చీల్చి గిన్నెలా గూడు అల్లుకుంటుందట, నలతగా ఉన్నది ఆ ముక్కలను ముట్టుకోదట. పొద్దున గదిలోకి వెళ్లగానే తాను ముందు చూసేది గూళ్లనే అన్నాడు. ఆ పోస్టర్లన్నీ చదివినా ఆయన చెప్పినంత తెలియలేదు.

ఆ తర్వాత చదివితే ఆయన మాట వెనక శాస్త్రం ఉందని అర్థమైంది. చిట్టెలుకలకు హాయిగా ఉండేది దాదాపు 30 డిగ్రీల వేడి. గదులేమో మనుషులకు అనుకూలంగా 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచుతారు. గూడు కట్టుకునే సామగ్రి వేస్తేనే అవి ఆ చలిని తట్టుకుంటాయి. అంటే కిటికీలోంచి చూసే మాలాంటి వాళ్లు కూడా ఒక ప్రశ్న అడగొచ్చు, ఆ కేజ్‌లో గూడు ఎందుకు లేదని. ఇంకో ప్రశ్న, వాటిని ఎలా ఎత్తుతున్నారని. తోక పట్టుకుని ఎత్తితే చిట్టెలుకల్లో ఆందోళన పెరుగుతుందని, గొట్టంలోకి ఎక్కించుకునో రెండు చేతుల దోసిట్లోనో ఎత్తితే అది బాగా తగ్గుతుందని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపించారు. గొట్టం ఖరీదైన వస్తువు కాదు. మీ దగ్గర ఇంకా తోక పట్టుకునే ఎత్తుతున్నారా? సందర్శకులు రోజూ కాకపోయినా నెలకోసారైనా ఈ ప్రశ్న అడిగితే, జవాబు మారే రోజు త్వరగా వస్తుందని నా నమ్మకం.

కాబట్టి ఖాళీ కేజ్‌లు కాదు, నిండుగా ఉన్నవి చూపించండి. కేజ్ మీద వేలాడే కార్డు చదవనివ్వండి. ఏ రకం జంతువు, ఎప్పుడు పుట్టింది, ఏ ప్రాజెక్టు, దానికి ఎంత బాధ కలగొచ్చని అంచనా వేశారు, ఏ స్థితికి చేరితే ప్రయోగం ఆపేస్తారు, అన్నీ మామూలు మాటల్లో రాసి పెట్టండి. ఆపరేషన్ గది చూపించండి, ఆ తర్వాత కోలుకునే గది చూపించండి. చంపే గది కూడా చూపించండి. చాలామంది సందర్శకులు అక్కడికి రామంటారేమో, వాళ్లిష్టం. రావాలనుకున్నవాళ్లకు ఆ గది ఉండాలి. చంపుతుండగా చూపించమని అడగడం లేదు. ఎలా చేస్తారో, ఎవరు చేస్తారో, ఆ పద్ధతే ఎందుకో చెప్పే మనిషి అక్కడ నిలబడి మాట్లాడితే చాలు. కార్బన్ డయాక్సైడ్‌తో చంపడం ఎలుకలకు ఎంత బాధ కలిగిస్తుందో శాస్త్రవేత్తల మధ్యే వాదన నడుస్తోంది. ఆ వాదన మా ముందు జరిగితే తప్పేమిటి?

అటెండెంట్ల గురించి ఇంకో మాట. వాళ్లలో చాలామంది బయట ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే ల్యాబ్‌లో అని చెప్పి మాట మార్చేస్తారు. రోజూ మేత పెట్టి, పేరు పెట్టకపోయినా ముఖం గుర్తుపట్టి, చివరికి తమ చేతులతోనే చంపాల్సి వచ్చే పని వాళ్లది. ఆ బాధ ఇంట్లో కూడా చెప్పుకోలేరు. భవనానికి బోర్డు లేదంటే వాళ్ల పనికి పేరు లేనట్టే. సందర్శకుల ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. ప్రొఫెసర్ పక్కన నిలబడి వాళ్ల మాట సరిదిద్దకుండా ఉంటే ఇంకా మంచిది. ఈ ఏర్పాటు వల్ల అందరికంటే ఎక్కువ మేలు వాళ్లకే జరుగుతుందనుకుంటున్నాను.

వర్చువల్ టూర్లు ఉన్నాయి కదా అంటారేమో. 2017లో బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాలతో పాటు మరో రెండు సంస్థలు తమ యానిమల్ హౌస్‌లను 360 డిగ్రీల్లో చిత్రీకరించి ఇంటర్నెట్‌లో పెట్టాయి. నేను చూశాను, మంచి పని, రాలేనివాళ్లకు అదే దిక్కు. అయితే కెమెరా ఎటు తిప్పాలో, ఏ రోజు తీయాలో నిర్ణయించేది సంస్థే. వీడియోను మనం ప్రశ్న అడగలేం. గదిలో అమ్మోనియా వాసన ఎంత ఉందో వీడియో చెప్పదు. పొట్టు సమయానికి మారుస్తున్నారో లేదో ఆ వాసనను బట్టే చాలావరకు తెలిసిపోతుంది.

అంకెలు కూడా తలుపు దగ్గరే పెట్టండి. బ్రిటన్ ప్రభుత్వం ఏటా లెక్క ప్రకటిస్తుంది. 2023లో జంతువుల మీద 26.8 లక్షల ప్రయోగ ప్రక్రియలు జరిగాయని, వాటిలో సగానికి కాస్త తక్కువ జన్యుమార్పు చేసిన జంతువులను పుట్టించడానికే అయ్యాయని అందులో ఉంది. అమెరికాలో ప్రయోగాల కోసం పెంచే ఎలుకలు, చిట్టెలుకలు, పక్షులు జంతు సంక్షేమ చట్టం పరిధిలోకే రావు. అత్యధికంగా వాడేది వాటినే, ఆ చట్టం కింద ఇచ్చే లెక్కలో కనిపించనివీ అవే. దేశం లెక్క ఎలా ఉన్నా మీ భవనం లెక్క మీ చేతుల్లో ఉంది. నిరుడు ఎన్ని జంతువులను వాడారు, ఎన్నింటికి తీవ్రమైన బాధ కలిగింది, వాడకుండానే చంపినవి ఎన్ని? ఈ మూడో అంకె చెప్పడం మీకు కష్టమని తెలుసు. అయినా చెప్పాల్సిందే. కావలసిన జన్యులక్షణం రాని పిల్లలు, అవసరానికి మించి పుట్టినవి ఎందుకింత ఎక్కువగా ఉన్నాయని జనం అడిగితే తప్ప ఆ సంఖ్య తగ్గించాలన్న ఒత్తిడి రాదు. ప్రత్యామ్నాయం (జంతువులకు బదులు వేరే పద్ధతి), తగ్గింపు (తక్కువ జంతువులు), మెరుగుదల (తక్కువ బాధ) అనే మూడు సూత్రాలను రసెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1959లోనే చెప్పారు. ప్రతి ప్రాజెక్టు దరఖాస్తులో మీరు వాటిని రాస్తూనే ఉంటారు. అవి ఎంతవరకు అమలయ్యాయో చూడటం మా వంతు.

కమిటీలో బయటి సభ్యులు ఉన్నారు కదా అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. భారత్‌లోనూ ఇలాంటి ఎథిక్స్ కమిటీల్లో సైన్స్‌తో సంబంధం లేని సభ్యుడు ఒకరు ఉండాలన్న నిబంధన ఉంది. మంచిదే. కానీ వాళ్లు చూసింది ఆ గది దాటి బయటికి రాదు. శాస్త్రవేత్తల మధ్య ఒక్కరే కూర్చుని తెలియని పదాలు వింటూ ఎన్ని ప్రశ్నలు అడగగలరు? వాళ్లకు ఈ సందర్శనలు నడిపే పని అప్పగించండి. జనం అడిగే ప్రశ్నలు పోగేసి కమిటీ ముందు పెట్టే హక్కు ఇవ్వండి. అప్పుడు ఆ ఒక్కరి వెనక పదిమంది ఉంటారు.

జంతు ప్రయోగాలను వ్యతిరేకించే వాళ్లను కూడా పిలవండి. వాళ్లు చూసొచ్చాక కూడా వ్యతిరేకించొచ్చు. మీ సిబ్బంది జాగ్రత్త చూసి మనసు మార్చుకునేవాళ్లు ఉంటారు, సమర్థిస్తూ వచ్చి కలవరపడి వెళ్లేవాళ్లూ ఉంటారు. మీకు మద్దతు కూడగట్టడానికి ఇది చేయమని నేను అడగడం లేదు. ప్రచారం కోసం చేస్తే మళ్లీ ఖాళీ కేజ్‌ల దగ్గరికే వస్తాం. చూసినవాళ్లు ఏ అభిప్రాయంతో బయటికి వెళ్లినా ఫర్వాలేదు, చూసి ఏర్పరచుకున్న అభిప్రాయం అయితే చాలు అని మీరు మనస్ఫూర్తిగా అనుకుంటేనే ఇది మొదలుపెట్టండి.

చివరిగా నా విన్నపం. ఈ విషయాన్ని మీ ఎథిక్స్ కమిటీ రాబోయే సమావేశం ఎజెండాలో పెట్టండి. మొదట ఒక్క గదితో, మూడు నెలలకోసారి, పదిమందికి మించని బృందంతో మొదలుపెట్టినా సంతోషమే. ఏడాది తర్వాత ఎంతమంది వచ్చారు, ఏం అడిగారు, వాటివల్ల ఏమైనా మార్చారా అన్నది రాసి అందరికీ తెలియజేయండి. కుదరదని నిర్ణయిస్తే ఆ కారణాలను కూడా సంతకంతో బయటపెట్టండి. ఇన్ఫెక్షన్ అయితే ఏ గదికి, భద్రత అయితే ఎలాంటి ముప్పు అని విడివిడిగా చెప్పండి. మీ జవాబు అందాక, అందులో చెప్పిన కారణాల మీద మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ పరిశోధనల వల్ల మేలు పొందుతున్న ఒక పౌరురాలు